నడుం దగ్గర రెండంగుళాలు

దర్జీ చెల్లెలుండే దేశంలో కరెంటే పోదట. ఇస్త్రీ చేసే పక్కింటావిడ తన ఆడపడుచు దగ్గర విన్నదట. విన్నది విన్నట్టు చెప్పక, తనవీ రెండు కలిపి దర్జీ గుమ్మంలో దించిపోయింది. కొళాయి తిప్పితే వేడినీళ్ళేనట. బస్సు ఎన్నింటికని బోర్డు మీద రాశారో అన్నింటికే వస్తుందట. రోడ్డు మీద అన్నం ఒలికినా ఎత్తుకుని తినొచ్చట.

ఈ పురాణం సాగినంతసేపూ దర్జీ ఆగిపోయిన మిషను ముందు విసనకర్ర ఊపుకుంటూ కూర్చుంది. మోటారు బిగించిన రోజే కాలితో తొక్కే పలక పీకించేసింది. ఇక కరెంటు పోతే చేతులు ముడుచుకోవడమే.

ఆమె కడుపులో ఎక్కడో సూది దిగింది. అక్కాచెల్లెళ్ళిద్దరూ ఒకే మిషను మీద పని నేర్చినవాళ్ళు. ఆ దేశపు బట్టల ఫ్యాక్టరీకి ముందు ఎంపికైంది తనే. భాష రాని చోట బతకలేనని ఏడ్చి, చెల్లెల్ని ముందుకు తోసింది. తోస్తే అది పోయిపోయి పూలపాన్పు మీద పడింది. ఇప్పుడు అక్కడే ఇంకొకరిని తీసుకుంటున్నారు. చెల్లెలు ఒక్క మాట చెబితే చాలు. పది రోజుల సెలవుకు వస్తోందిగా, అడిగి తీరాలి.

కోటు కుట్టి ఉంచమని చెల్లెలు ముందే గుడ్డ పంపింది. వెన్నలాంటి గుడ్డ, చేతికి అంటకుండా జారిపోతోంది. మనిషిని కొలవకుండా కత్తెర పెట్టొద్దని పని నేర్చుకోవడానికి వచ్చేవాళ్ళకు రోజూ నూరిపోసే దర్జీ, పాత కొలతల పుస్తకం తీసి, నడుం దగ్గర రెండంగుళాలు కలిపి గీత గీసింది. సుఖం పేరుకునేది అక్కడే కదా.

చెల్లెలు వచ్చిన సాయంత్రమే కోటు తొడుక్కుంది. భుజాలు జారి చేతుల మీదికొచ్చాయి. నడుం దగ్గర ఇంకో మనిషి దూరేంత చోటు మిగిలింది.

“ఏం మరదలా, లోపలే ఉన్నావా, బయటికెళ్ళావా?” అన్నాడు బావ.

“ఉన్నాలే బావా, తలుపు కొట్టి పిలువు.”

దర్జీ నవ్వలేదు. గుండుసూదులు పట్టుకుని నడుం దగ్గర గుడ్డ మడిచింది. తను కలిపిన రెండంగుళాలూ పోయాయి. ఇంకా వదులే. మళ్ళీ మడిచింది. మరో మూడు.

“అక్కడ డబ్బు పోసి ఒళ్ళు తగ్గించుకుంటారటగా. నువ్వూ ఆ బాపతేనా?”

“అలాంటిదే అనుకో.”

సన్నబడటం కూడా దానికే రాసిపెట్టాడు దేవుడు, అనుకుంది దర్జీ, అద్దంలో తన నడుం కనబడకుండా పక్కకు జరుగుతూ.

అంతలో ఫ్యాను మూలిగి ఆగింది. కరెంటు పోయింది. చెల్లెలు కోటుతోనే నేలమీద చతికిలబడి, గోడకు ఆనుకుని, కాళ్ళు బారచాపి, హమ్మయ్య అని కళ్ళు మూసుకుంది.

దర్జీకి ఒళ్ళు మండింది. “చూశావుగా మా బతుకు. వాళ్ళకు నా పేరు చెప్పవే.”

“వద్దక్కా.”

“ఏం, నీకంటే బాగా కుడతాననా?”

“కుడతావు. అయినా వద్దు.”

“నువ్వొక్కదానివే సుఖపడాలి. కరెంటు పోని దేశంలో నాకు చోటుండకూడదు. అంతేగా?”

చెల్లెలు కళ్ళు తెరవలేదు.

“పోదక్కా. పోతే కదా, మమ్మల్ని మిషను ముందునుంచి లేవనిచ్చేది.”