కొస కొయ్యని బెల్టు

నేను ఒక పోలీసు బెల్టును. గేదె తోలు, ఇత్తడి బకిల్, ముప్పై ఆరు అంగుళాల నడుముకు కొలత. నన్ను కుట్టినవాళ్ళు చెయ్యి తిరిగినవాళ్ళే, వాళ్ళ తప్పేమీ లేదు. మా జిల్లా పోలీసు స్టోరు నుంచి సరుకు కోరుతూ ఏటా వెళ్ళే ఇండెంటులో ఒక్కటే కొలత ఉండేది. గుమాస్తా నిరుటి కాగితం ముందు పెట్టుకుని, తేదీ మార్చి, మిగతాదంతా దింపేవాడు. నిరుటిదీ అలా దింపిందే. మొట్టమొదటి కాగితం రాసిననాటికి మా జిల్లా పోలీసుల్లో ఆడమనిషే లేదు.

నా మొదటి యజమాని ఒక మగ కానిస్టేబుల్. రెండేళ్ళలో ఆయన పొట్ట నా చివరి చిల్లు కూడా దాటిపోవడంతో స్టోరుకు తిరిగొచ్చాను. తర్వాత నన్ను మెస్రం భీంబాయి చేతిలో పెట్టారు. గోండు పిల్ల, వాళ్ళ గూడెం నుంచి పోలీసు ఉద్యోగానికి వచ్చిన మొదటి మనిషి. నడుము ఇరవై ఆరు. హెడ్ కానిస్టేబుల్ రాజమణి మేకు కాల్చి నాకు కొత్త చిల్లులు పెట్టింది. చిల్లు పెడితే నేరం కాదట, కోస్తే నేరమట. ఆ లెక్కన పది అంగుళాల కొస బయటే వేలాడింది.

మొదటి పరేడ్‌లోనే రిజర్వ్ ఇన్‌స్పెక్టర్ ఆమె ముందు ఆగాడు. "ఈ తోకేంది? కిట్ ఇట్లనేనా ఉండేది?" అని మెమో ఇచ్చాడు. రెండో పరేడ్‌కు ఆమె నా కొసను దారంతో కట్టేసింది. పరుగులో దారం తెగింది, ఇంకో మెమో వచ్చింది. మూడోది కూడా పడితే ప్రొబేషన్ పూర్తయినట్టు రాయరు, ఇంటికి పొమ్మంటారు. బెల్టు తనకు సరిపోలేదని ఆ పిల్ల ఊళ్ళో ఏ ముఖం పెట్టుకుని చెబుతుంది?

మోటారు షెడ్డు వెనక మధ్యాహ్నం పూట పంతొమ్మిది మంది ఆడ పోలీసులు టిఫిన్ డబ్బాలు విప్పేవాళ్ళు. బిగుతైన బూట్లు అక్కడే చేతులు మారేవి. ఒకరికి ఒంట్లో బాగోలేకపోతే ఆ బందోబస్తుకు ఇంకొకరు పోయేవాళ్ళు. ఆ జట్టుకు ఎవరూ పేరు పెట్టలేదు, అధ్యక్షురాలు లేదు. రాజమణి మాట మాత్రం చెల్లేది.

"కొయ్యరాదె. మేమందరం కోసుకున్నోళ్ళమే" అంది నస్రీన్. ఆమెకు పన్నెండేళ్ళ సర్వీసు.

"సార్ నా బెల్టును రెండుసార్లు చూసిండక్కా. ఇప్పుడు కొస లేకపోతే అడుగడా? సర్కారు సామాన్ కోసినవని ఇంకో మెమో ఇస్తడు."

నిజం చెప్పాలంటే కోత తప్పిందని నాకు ప్రాణం లేచొచ్చింది. ఆ పిల్ల ముద్ద మింగలేకపోవడం చూశాక సిగ్గేసింది.

రాజమణి డబ్బా మూత పెట్టేసింది. "మనం సప్పుడు చెయ్యక కోసుకున్నం. అందుకే స్టోరు పుస్తకంల ఫిర్యాదు లేదని రాసుకున్నరు. కొసలు ఎవరి దగ్గరున్నయి?" అని అడిగింది.

అందరి దగ్గరా ఉన్నాయి. రిటైరయ్యేనాడు కిట్ లెక్క అప్పగించాలి కదా, ముక్కైనా చూపించవచ్చని పెట్టెల్లో దాచుకున్నారు. మనుషుల భయం ఎంత పొదుపరిదో అప్పుడు చూశాను.

పోలీసుల్లో దర్బార్ అని ఒకటుంది. ఎస్పీ కూర్చుని "ఎవరికైనా ఇబ్బందులున్నాయా?" అని అడుగుతారు. "లేవు సార్" అని అందరూ ఒక్క గొంతుతో అంటారు. సెల్యూట్ లాగే అదీ ఒక అలవాటు. ఆ నెల కూడా అన్నారు. అందరూ అన్నాక రాజమణి లేచింది. ఏఎస్సై ప్రమోషన్ లిస్టులో ఆమె పేరుందని హాలులో అందరికీ తెలుసు. ఆమె నడిచి వెళ్ళి, బల్ల మీద అరచెయ్యంత తోలు ముక్క పెట్టింది.

"పదిహేనేండ్ల కింద కోసిన సార్. సర్కారు సామానే."

తర్వాత నస్రీన్ లేచింది. ఆ వెనక ఒక్కొక్కరే వచ్చారు. బల్ల మీద పద్దెనిమిది కొసలు చేరాయి. చివరికి భీంబాయి వెళ్ళి నిలబడింది, నేను ఆమె నడుము నుంచి వేలాడుతూ ఉన్నాను.

"ఇన్నేళ్ళూ ఎందుకు చెప్పలేదు?" అన్నారు ఎస్పీ.

"చెప్పినోళ్ళకు మెమో, కోసుకున్నోళ్ళకు నౌకరీ సార్. నౌకరీ కావాలని కోసుకున్నం. ఇప్పుడు ఈ పిల్లది పోతున్నది" అంది రాజమణి.

భీంబాయి మెమోలు రెండూ రద్దయ్యాయి. ఇండెంటులో కొత్త కొలతలు చేరాయి, సొంతంగా రాసే అలవాటు తప్పిపోయిందని గుమాస్తాకు ఆ ఏడాదే తెలిసింది. కోసిన పద్దెనిమిది మందినీ సంజాయిషీ అడిగారు, అందరూ "నౌకరీ కావాలని కోసుకున్నం" అని ఒకే వాక్యం రాసిచ్చారు. ఆ విచారణ తేలేదాకా రాజమణి ప్రమోషన్ ఆగింది. ఏడాదిన్నర ఆగింది. ఆమె దాని గురించి షెడ్డు వెనక ఒక్కసారి కూడా మాట్లాడలేదు. నాకు మాత్రం ఇప్పటికీ బాధే.

భీంబాయికి ఇరవై ఆరు అంగుళాల బెల్టొచ్చింది. నేను మళ్ళీ స్టోరు అలమారలోకి పోయాను. ఆరేళ్ళు అక్కడే ఉన్నాను. నిరుడు కొత్త బ్యాచ్‌కు కిట్ పంచడానికి హెడ్ కానిస్టేబుల్ హోదాలో భీంబాయే వచ్చింది. భుజాలు వెడల్పుగా ఉన్న ఒక కొత్త పిల్ల, పేరు సువార్త, నడుము ముప్పై ఆరు. నన్ను చుట్టుకుంటే నా పాత చిల్లుకే సరిపోయాను. పుట్టాక ఒక ఆడమనిషికి సరిపోవడం అదే మొదటిసారి. పొంగిపోయాను, దాచుకోవడమెందుకు.

సువార్త మాత్రం కదల్లేదు. గొంతు తగ్గించి, "అక్కా, బూట్లు రెండు సైజులు పెద్దగున్నయి. లోపల గుడ్డ పెట్టుకుంట, ఎవరికీ చెప్పకు" అంది.

భీంబాయి ఆమె చేతిలోంచి గుడ్డ పేలిక తీసుకుంది.

"ఎల్లుండి దర్బార్ ఉంది. లేచి చెప్పు. నీ ఎనుక నేను లేస్త."