తడి గింజ

నెలకొక సోమవారం, ఎండ చల్లబడే వేళకు పద్మమ్మ అరుగు ఊడ్చి, నీళ్లు చల్లి, జంపఖానా పరిచేది. ఒక మూల మజ్జిగ కుండ, ఇంకో మూల మూతి సన్నటి మట్టి ముంత పెట్టేది. పేట సంఘం మీటింగుకు అంతకుమించి సరంజామా అక్కర్లేదు. రాజధాని కర్నూలు నుంచి హైదరాబాదుకు తరలిపోయిన మరుసటి ఏడు అది. సర్కారే మూటాముల్లె సర్దుకుని పోయింది కానీ, నంద్యాలలో మద్దిలేరు వాగు పక్కనున్న ఆ పేట సంఘం మాత్రం ఓబుళరెడ్డి అరుగు మీది నుంచి కదల్లేదు.

ఓబుళరెడ్డి పద్మమ్మ మొగుడు. పోయి రెండేళ్లయింది. బతికినంతకాలం ఆయనే సంఘానికి అధ్యక్షుడు. మంచివాడు, ఎవరినీ నొప్పించడు. ఎవరేం అడిగినా ఒక పట్టు ముక్కుపొడి పీల్చి, "వచ్చే మీటింగులో చూద్దాం లేప్పా" అనేవాడు. వీధిలో పిల్లలు కూడా చాటుగా ఆయనను 'వచ్చేమీటింగు రెడ్డి' అనేవాళ్లు. ఆయన పోయాక ఖాళీ అయిన సభ్యుడి చోట పద్మమ్మను కూర్చోబెట్టారు. అరుగు ఆమెది, మజ్జిగ ఆమెది, పేరుకు ఉంటుందిలే అనుకున్నారు. ఆళ్లగడ్డ ఆడబిడ్డను పేరుకు కూర్చోబెట్టడం ఎవరి తరం? మొదటి మీటింగులోనే వీధిదీపం సంగతి పట్టుకుంది. మునిసిపల్ ఆఫీసు గడప అరిగేలా తిరిగింది. చివరికి, ఈమె పీడ వదిలితే చాలని వాళ్లే వచ్చి దీపం పెట్టిపోయారు.

సభ్యులు ఏడుగురు. మాట తెగకపోతే ముంతలో చింతగింజలు వేసేవాళ్లు. నల్లగింజ వేస్తే ఔను. బారకట్ట ఆటకు అరగదీసినట్టు అరగదీసిన తెల్లగింజ వేస్తే కాదు. మనిషికి ఒకటే గింజ. కానీ ముంత బోర్లిస్తే ఎప్పుడూ ఒకటి ఎక్కువ పడేది. ఆ ఒక్కటీ నీళ్లలోంచి తీసినట్టు తడిగా ఉండేది. అది జీవమ్మది. దూదిబేళ్ల బండ్లు మాట్లాడిపెట్టే మద్దిలేటి గింజలు లెక్కపెట్టేవాడు. అతను దాన్ని పంచెకు తుడిచి మిగతావాటితో కలిపేసేవాడు. సరికి సరి వస్తే సంగతి వాయిదా పడేది. అంతకుమించి దాని గురించి ఎవరూ ఏమీ అనుకునేవాళ్లు కాదు.

పేటలో నాపబండల పరుపు ఒక చోట ఆగిపోతుంది. అక్కడ హద్దురాయి పాతారు. అది దాటితే వాగు దాకా పల్లం, ఆ పల్లంలో కూలినాలి చేసుకునే కిరస్తానీల గుడిసెలు. అవి సంఘం లెక్కలోకి రావు. జీవమ్మది వాగు వైపు చివరి గుడిసె. వాగుకు కట్ట వేయించండని ప్రతి మీటింగుకూ వచ్చి అరుగు కింద నిలబడేది. ఓబుళరెడ్డి ఆమెను కసురుకున్నది లేదు. వచ్చే మీటింగు అనేవాడు, అంతే. ఒక ఏడు వానల్లో వాగు పొంగి జీవమ్మను, ఆమె గుడిసెను కలిపి తీసుకుపోయింది. ఆ తర్వాతి మీటింగు నుంచి ముంతలో తడిగింజ పడటం మొదలైంది. బతికుండగా అరుగు ఎక్కనివ్వలేదు, చచ్చినాక వద్దనడానికి ఎవరికి నోరొస్తుంది?

పద్మమ్మ బాధ వేరు. చచ్చినవాళ్లు గింజ వేయగలిగితే ఈయన ఎందుకు వేయడు? సంఘం సంఘం అని ఇల్లు పట్టకుండా తిరిగిన మనిషి, ఒక్కసారి, ఒక్కటంటే ఒక్క గింజ వేస్తే ఏం పోయింది? ముంత బోర్లించినప్పుడల్లా ఆమె గింజల కంటే ముందు ముక్కుపొడి వాసన కోసం వెతికేది. వచ్చేది తడి మట్టి వాసనే. ఆ వేళకు ఆమెకు జీవమ్మ మీద ఒళ్లుమండేది, మొగుడి మీద ఏడుపొచ్చేది.

ఆ ఏడు భాద్రపదంలో మోరీ సంగతి మళ్లీ వచ్చింది. గుడ్డలంగడి చెన్నకేశవులు ఇప్పటి అధ్యక్షుడు.

"వానొస్తే కూలేది నీ పెరటిగోడే గదా వదినా. మోరీ తవ్వి, పేట నీళ్లన్నీ హద్దురాయి కాడికి తోలేస్తే పీడ వదులుతుంది" అన్నాడు.

"ఆడ్నుంచి యాడికి పోతాయప్పా ఆ నీళ్లు?" అన్నాడు మత్తయి అయ్యవారు. బడిపంతులు కాబట్టి ఆయనకు పేటలో ఇల్లూ, అరుగు మీద చోటూ దొరికాయి. "కిందోళ్ల కొంపల్లోకే గదా?"

"హద్దు దాటినంక అది మన సంఘం పని కాదయ్యవారూ."

ఇంతకుముందు కూడా ఈ మోరీకి గింజలు వేశారు. ప్రతిసారీ నాలుగు నల్లవి, మూడు తెల్లవి పడేవి. తడిగింజ తెల్లది పడి సరికి సరి చేసేది. ఆ నాలుగు నల్లవాటిలో పద్మమ్మది ఒకటి. రెండుసార్లు కట్టించిన గోడ రెండుసార్లూ కూలింది మరి. ఈసారీ ఆమె నల్లదే వేసింది. జీవమ్మ ఎటూ అడ్డుకుంటుంది, తన పాపం తనకు తగలదులే అని లోలోపల ఒక ధైర్యం.

మద్దిలేటి ముంత బోర్లించాడు. నాలుగు నల్లవి, మూడు తెల్లవి. ముంతలో చెయ్యి పెట్టి గీకి చూశాడు. పైకెత్తి వెలుతురులో చూశాడు.

"లేదు పద్మక్కా. ఈపొద్దు రాలే."

"ఇన్నాళ్లకు బుద్ధొచ్చింది" అని చెన్నకేశవులు నవ్వాడు. "మోరీ ఖాయం. మజ్జిగ పోయించు వదినా."

అందరూ మజ్జిగ తాగారు. పద్మమ్మకు మాత్రం చేతిలోని గ్లాసు నోటి దాకా రాలేదు. వాగు వైపు చివరి గుడిసెలో ఇప్పుడుండేది జీవమ్మ కూతురే. కూతురి ఇంటి మీదికి నీళ్లు తోలే మాట నడుస్తుంటే ఏ తల్లి మీటింగు ఎగ్గొడుతుంది? అంతకంటే పెద్ద పని పడితే తప్ప. ఆమెకు భయం వేసింది. ఆకాశం చూసింది. నంద్యాల మీద మబ్బుతునక లేదు. తూర్పున నల్లమల మీద మాత్రం, కొండలేవో మబ్బులేవో తెలియకుండా కమ్ముకుని ఉంది.

గ్లాసు కింద పెట్టి అరుగు దిగింది.

"యాడికి వదినా? మీటింగు ఇంకా అయిపోలే" అన్నాడు చెన్నకేశవులు. ఆమె తిరిగి చూడలేదు.

హద్దురాయి దాటగానే ఎండుమట్టి మీద తడి అడుగులు కనిపించాయి. ఆడమనిషి పాదాలు. చివరి గుడిసె చుట్టూ తిరిగాయి, గడప దాకా వచ్చాయి, వెనక్కి వాగు వైపు పోయాయి, మళ్లీ వచ్చాయి. ఎవరినో పిలిచి పిలిచి, వినిపించక తిరుగుతున్న మనిషి అడుగులు అవి. పద్మమ్మ చూస్తుండగానే గడప ముందు ఇంకొక అడుగు పడింది.

లోపల జీవమ్మ కూతురు దేవమ్మ సంగటి కెలుకుతోంది. ఉయ్యాలలో చంటిది నిద్రపోతోంది.

"ఏందమ్మా, ఇట్టొచ్చినావు?"

"దేవమ్మా, మీయమ్మ ఈపొద్దు గింజ వెయ్యను రాలే."

దేవమ్మ చేతిలో తెడ్డు ఆగిపోయింది. తలుపులోంచి ఆ అడుగుల వైపు చూసింది. చంటిదాన్ని ఉయ్యాలలోంచి గుంజుకుని మొగుణ్ని కేకేసింది. "ఏలీయా! ఎద్దులను ఇప్పెయ్! మాయమ్మ మీటింగుకు పోలేదంట!"

ఆ మాట గుడిసె నుంచి గుడిసెకు పోయింది. ముసలివాళ్లను వీపున ఎక్కించుకుని, మేకలను అదిలించుకుంటూ అందరూ పైకి పరుగెత్తారు. అంతా వచ్చి హద్దురాయి దగ్గర టక్కున ఆగిపోయారు. ఎవరూ ఆపమనలేదు. కాళ్లకు అదే అలవాటు.

"ఆడే నిలబడినారేందీ! రాండి, మా ఇంట్లోకి రాండి!" అని పద్మమ్మ అరిచింది. అయినా కదల్లేదు. ఆమె దేవమ్మ చేతిలోంచి చంటిదాన్ని లాక్కుని ముందు నడిచింది. బిడ్డ వెనక తల్లి, తల్లి వెనక పల్లం మొత్తం కదిలాయి.

ఆఖరు మేక అరుగు ఎక్కేసరికి వాగు అరుపు వినబడింది. ఎర్రనీళ్లు మనిషెత్తున వచ్చి గుడిసెలను అట్టే ఎత్తుకుపోయాయి. హద్దురాయి మెడ దాకా మునిగింది. ఊళ్లో ఒక్క చినుకు పడలేదు. అరుగు మీద నిలబడి దేవమ్మ నీళ్ల వంక చూస్తూ, "అమ్మా, ఇంగ చాల్లే, పైకి రా" అని మెల్లగా పిలిచింది. పద్మమ్మ పక్కకు తిరిగి కొంగు నోట్లో కుక్కుకుంది. తన నల్లగింజ ఇంకా జంపఖానా మీదే ఉంది.

తర్వాతి మీటింగు నాటికి కూడా వాళ్లంతా పద్మమ్మ వసారాలోనే ఉన్నారు. కొందరు సభ్యులకు అది గొంతులో ముల్లయింది. జంపఖానా మీద కూర్చున్నారు కానీ ఆమె మజ్జిగ ముట్టలేదు. పద్మమ్మ పట్టించుకోలేదు.

"హద్దురాయి పెరికి వాగు ఒడ్డున పాతల్ల. ఆ ఇండ్లు మన పేటవి. మోరీ వాళ్లను చుట్టి వాగులోకి పోవల్ల. కట్టకు అర్జీ మన సంఘమే పెట్టల్ల" అంది.

"ప్రాణాలు కాపాడినావు, మంచిదే. దానికని హద్దులు మారుస్తామా వదినా? పెద్దాయన ఉంటే ఒప్పుకునేటోడా?" అన్నాడు చెన్నకేశవులు.

ఆ మాట పద్మమ్మ గుండెలో దిగింది. ఒప్పుకునేవాడని ఆమె కూడా గట్టిగా చెప్పలేకపోయింది.

గింజలు వేశారు. మద్దిలేటి ముంత బోర్లించాడు. నల్లవి మూడు, తెల్లవి నాలుగు. వాటి వెనకే నీళ్లు కారుతూ ఒక నల్లగింజ జారి పడింది.

"సరికి సరి" అన్నాడు చెన్నకేశవులు. ఊపిరి పీల్చుకుని కండువా దులుపుకున్నాడు. "ఇంగేముంది, వచ్చే మీటింగులో చూద్దాం."

గోడ వారన చంటిదానితో నిలబడ్డ దేవమ్మ తల దించుకుంది. వాళ్లమ్మ విని విని పోయిన మాట అది.

మద్దిలేటి ముంతను మూలన పెట్టబోయాడు. లోపల ఏదో కదిలిన చప్పుడు. మళ్లీ బోర్లించాడు. పడలేదు. అడుగున తట్టాడు. ఎంతో సందేహిస్తున్నట్టు, మెల్లగా, ఒక గింజ అంచుదాకా వచ్చి ఆగి, అప్పుడు పడింది. పొడి గింజ. నల్లది. దాంతో పాటే చిటికెడు ముక్కుపొడి జంపఖానా మీద రాలింది. మత్తయి అయ్యవారు తుమ్మాడు.

మద్దిలేటి దాన్ని నల్లవాటి పక్కన పెట్టాడు. చెన్నకేశవులు లేచి, పలుగు ఎవరింట్లో ఉందో కనుక్కోమన్నాడు.

పద్మమ్మ ఆ గింజను అరచేతిలోకి తీసుకుంది.

"ఇదేనా అయ్యా, నీ వచ్చే మీటింగు?" అంది.