గుత్త నా పేరు మీద

జొన్నరొట్టెలు చేస్తుంటే మా ఆయన జానయ్య పొయ్యి దగ్గరికే కాగితాలు తెచ్చి సంతకం పెట్టమన్నాడు. చేతులకు పిండి ఉందంటే తుడుచుకోమన్నాడు. ఆయన నార్కట్‌పల్లి చుట్టుపక్కల సర్కారు రోడ్లకు కంకర పరిపించే చిన్న గుత్తదారు. ఆ ఏడు రూలు మారింది. ఆదాయపు పన్ను బాకీ లేదన్న సర్టిఫికెట్ చూపిస్తేనే టెండరు తీసుకుంటారట. ఆయన ఎన్నడూ పన్ను కట్టిన మనిషి కాదు. నాకు ఆదాయమే లేదు కనుక బాకీ కూడా లేదు. అట్లా గుత్తదారునయ్యాను.

"పేరుకే గదా, నీదేం పోతది?" అన్నాడు.

పేరు మారింది గానీ నా దినం మారలేదు. తెల్లవారకముందే కూలీలకు రొట్టెలు, పులుసు. ఆయన ఊళ్లో లేని రోజుల్లో కంకర కుప్పలు కొలిపించడం, కూలీల తగాదాలు తీర్చడం, నీళ్ల బండి రాకపోతే బిందెలతో మోయడం. సాయంత్రం ఓవర్సీరు వస్తే చాయ పెట్టిచ్చి తలుపు చాటుకు పోవాలి. ఇవన్నీ చూస్తూనే మా అత్త, నేను ఇంట్లో కూర్చుని తింటున్నానని అమ్మలక్కలతో అనేది. బిల్లు వస్తే సంతకం నాది, సంచి ఆయనది. ఒకసారి ఎంతొచ్చిందని అడిగితే, ఆడదానికి లెక్కలెందుకని నవ్వాడు.

కొన్నేళ్లకు పన్ను ఆఫీసు నుంచి పిలుపు వచ్చింది, నాకే. నల్లగొండకు పోయే బస్సులో, అంతా నాదేనని చెప్పమని ఆయన దారి పొడుగునా నేర్పాడు. లేకపోతే తను జైలుకు పోతాడట, పిల్లలు బజారున పడతారట. ఆఫీసులో ఆయన బయటి బల్ల మీదే కూర్చున్నాడు.

అధికారి మర్యాదస్తుడే. "ఈ పనులన్నీ మీరే చేయించారామ్మా?" అని అడిగాడు.

ఆ పని చేసింది నువ్వేనా అని ఇన్నేళ్లలో నన్నొకరు అడగడం అదే మొదలు.

"పని నేనే చేయించిన సార్. పైసలు మాత్రం నా చేతికి ఎన్నడు రాలె."

రెండో మాటకు రుజువేమన్నా ఉందా అన్నాడు. నా దగ్గరేముంటుంది? అధికారి నా మొదటి మాట ఒక్కటే రాసుకుని, చదివి వినిపించి, సంతకం పెట్టమన్నాడు.

పెళ్లినాడు బాపు నా పేరున రాసిచ్చిన రామన్నపేట చెలక భూమి ఆ పన్ను బాకీ కింద వేలంలో పోయింది. నాకంటూ ఉన్నది అదొక్కటే. ఇంట్లో ఆ రోజు ఎవరూ పొయ్యి ఆర్పలేదు, ఎవరూ ఏడవలేదు. జానయ్య అన్నం తింటూ, నా పేరిక టెండరుకు పనికిరాదని, సాగర్ కాలువ పనికి ఇంకో పేరు పెట్టాలని తమ్ముడు ఎల్లస్వామితో అంటున్నాడు.

చేయి కడుక్కుని లేచాను. ఎల్లస్వామి పెళ్లాం గోపమ్మ పక్కింట్లోనే ఉంటుంది, కాపురానికొచ్చి ఏడాది కాలేదు. చచ్చినా సంతకం పెట్టొద్దని చెప్పాలి. ఇన్నాళ్లలో నా అంతట నేను అనుకున్న పని అదొక్కటే.

గోపమ్మ వాకిట్లోనే ఎదురొచ్చింది. ముఖం వెలిగిపోతోంది.

"పొద్దుగాలనే సంతకం పెట్టిన అక్కా. ఇగ నేను గూడ నీ లెక్కనే."