సంతకం లేని సవరణ

హ్యాకర్ అంటే దొంగ అని మొదట రాసిన పత్రికవాడెవడో నాకు తెలియదు. తెలిస్తే వాడి గుమ్మం ముందు నిలబడి కసితీరా తిట్టి వచ్చేవాణ్ణి. ఆ మాట మాది. ప్రోగ్రాం రాయడంలో ఆరితేరినవాళ్లకు మేం పెట్టుకున్న పేరు. కేంబ్రిడ్జిలో మా విశ్వవిద్యాలయం కంప్యూటర్ ప్రయోగశాల ఏడో అంతస్తులో ఇరవై ఏళ్లుగా దాన్ని పొదుపుగా వాడుకున్నాం. ఎవరూ తమకు తాముగా ఆ పేరు పెట్టుకోకూడదు. పెట్టుకున్నవాణ్ణి ఏడాది పాటు ఏడిపించేవాళ్లం. పనితనం చూసి పాతవాళ్లలో ఒకరు, శుక్రవారం మధ్యాహ్నం చైనా హోటల్లో అందరూ బల్ల చుట్టూ ఉన్నప్పుడు, ఫలానా మనిషి హ్యాకర్ అని ఒక్కసారి అంటారు. రెండోసారి చెప్పడం ఉండదు.

1983 వేసవిలో ఏ పత్రిక తెరిచినా హ్యాకర్లు ఇక్కడ చొరబడ్డారు, అక్కడ దోచుకున్నారు అనే గోల. నాకు ఒళ్లు మండిపోయేది. దొంగల్ని దొంగలనండి, మా పేరు వాళ్లకు అంటగట్టకండి అని సంపాదకులకు ఏడు ఉత్తరాలు రాశాను. ఒక్కటీ అచ్చు కాలేదు.

"ఎనిమిదోది మొదలెట్టారా, వెండెల్?" అని లిడియా వెక్కిరించేది. "ఈసారి నేను టైపు చేసిపెడతాలెండి. మీ కోపానికి కీబోర్డు విరిగేట్టుంది."

లిడియా మెదెయిరోస్ రెండో సంవత్సరం విద్యార్థిని. తల్లి ఫాల్ రివర్ ఊళ్లో బట్టల మిల్లులో చొక్కాలకు కాలర్లు కుడుతుంది. స్కాలర్‌షిప్ పోతే ఈ పిల్ల కూడా ఆ మిషను ముందే కూర్చోవాలి. ఆమె రాసిన ప్రోగ్రాంలో అనవసరమని ఒక్క వరస తీసెయ్యాలన్నా నాకు దొరికేది కాదు. నా ప్రోగ్రాం ఒకటి పది రోజులకోసారి ఫైలు చివరి వరసను మింగేసేది. రెండేళ్లుగా తల బద్దలు కొట్టుకున్నా తప్పు ఎక్కడుందో నాకు చిక్కలేదు. ఆమె పట్టు వదలకుండా దాని వెంటపడింది. వచ్చే శుక్రవారం హోటల్లో ఆమెను హ్యాకర్ అనెయ్యాలని నిర్ణయించుకున్నాను. ఆమె కూడా పసిగట్టినట్టుంది. హోటల్లో నేను నోరు తెరిచినప్పుడల్లా తినడం ఆపేసేది.

ఈలోగా సోమవారం ఆసుపత్రి గొడవ వచ్చిపడింది. విశ్వవిద్యాలయం ఆసుపత్రి కంప్యూటర్ పాస్‌వర్డ్ అడిగిన చోట ఏమీ కొట్టకపోయినా లోపలికి రానిచ్చేస్తోందని లిడియా కనిపెట్టింది. తప్పు కనిపిస్తే ఫిర్యాదు చెయ్యడం మా పద్ధతి కాదు. మేమే సరిచేసి, ఏం చేశామో పక్కనే రాసి, కింద పేరు పెడతాం. పేరు పెట్టకపోతేనే మాకు తప్పు. లిడియా అదే చేసింది. "తలుపు తీసే ఉంది. మూశాను. లిడియా మెదెయిరోస్, ఏడో అంతస్తు." అది మన ఇల్లు కాదు కదా అన్న ఆలోచనే ఆమెకు రాలేదు. నిజం చెప్పాలంటే నాకూ వచ్చేది కాదు.

రోగుల వివరాల్లోకి హ్యాకర్ దూరాడని ఆసుపత్రివాళ్లు గగ్గోలు పెట్టారు. గురువారం పొద్దున క్రమశిక్షణ కమిటీ కూర్చుంది. గది బయట డీన్ విట్‌కమ్ నా చెయ్యి పట్టుకుని ఆపాడు.

"నీ ఉపన్యాసం నాకు తెలుసు వెండెల్. లోపల మాత్రం ఇవ్వకు. చిన్నపిల్ల, తెలియక చేసిందను, మందలించి వదిలేస్తారు. హ్యాకర్ అన్నావా, రేపే ఇంటికి బస్సెక్కిస్తారు."

లోపల లిడియా ఎవరిదో అరువు కోటు వేసుకుని కూర్చుంది.

"దొంగ ఎవరైనా పేరూ అడ్రసూ రాసిపెట్టి పోతారా అండీ?" అని అడిగింది. ఎవరూ నవ్వలేదు.

కమిటీ అధ్యక్షుడు నా వైపు తిరిగాడు. "సూటిగా చెప్పండి, మిస్టర్ టటిల్. ఈ అమ్మాయి హ్యాకరా?"

ఏడు ఉత్తరాల్లో రాసిందంతా గొంతు దాకా వచ్చింది. లిడియా నన్నే చూస్తోంది. ఆ చూపులో భయం లేదు. హోటల్లో చూసినట్టే చూస్తోంది.

"కాదు" అన్నాను.

అక్కడితో ఆగినా బాగుండేది. భయం పట్టిన నోరు ఆగదు. "అంత స్థాయి లేదండీ. మామూలు విద్యార్థి. మమ్మల్ని చూసి తనూ ఏదో చెయ్యబోయింది."

మందలింపుతో వదిలేశారు. స్కాలర్‌షిప్ నిలబడింది. మధ్యాహ్నం తన కాగితాలు తీసుకుపోవడానికి ఆమె నా గదికి వచ్చింది.

"అది మీ మనసులో మాటేనా?"

"నిన్ను కాపాడాలనే అన్నాను."

"నేనడిగింది అది కాదు."

"కాదమ్మా. నువ్వు హ్యాకర్‌వి. ఎప్పుడో అనాల్సింది."

ఆమె గది చుట్టూ చూసింది. మేమిద్దరమే ఉన్నాం.

"కాదనడం అందరి ముందూనా? అవుననడం ఎవరూ లేని చోటా?" అంది. "ఉంచుకోండి, వెండెల్. ఎనిమిదో ఉత్తరంలో రాసుకుందురుగాని."

మర్నాడు పొద్దున నా ప్రోగ్రాం తెరిస్తే ఆ రెండేళ్ల తప్పు దిద్ది ఉంది. మూడే మూడు వరసలు. పక్కన "చివరి వరస ఇక పోదు" అని రాసి ఉంది. కింద పేరు లేదు.

ఆ మధ్యాహ్నం హోటల్లో హార్లన్ ఆ మూడు వరసలూ కాగితం మీద తెచ్చి అందరికీ చూపించాడు. మాలో అందరికన్నా పెద్ద అతను. అంత తేలిగ్గా ఎవరినీ మెచ్చడు.

"ఎవరోగానీ, ఈ మనిషి హ్యాకర్" అన్నాడు. బల్ల చుట్టూ అందరూ తలలూపారు. "పేరెందుకు పెట్టలేదు? ఎవరిది వెండెల్?"

లిడియా కుర్చీ ఖాళీగా ఉంది.

"లిడియాది" అన్నాను.

హార్లన్ కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. కమిటీ తీర్పు, అందులో నా మాటలతో సహా, పొద్దుటి నుంచి మా భవనం కింద నోటీసు బోర్డు మీదే ఉంది.

"కాదన్నావటగా" అన్నాడు, నూడుల్స్ గిన్నె నా వైపు జరుపుతూ.