కోల్మన్ కట్టిన బాణీ

డింప్నా నోరు జారింది పందొమ్మిదేళ్ళ కిందట. ఆ మాట వెనక్కి తీసుకోవడానికి ఆమెకు ఈ పందొమ్మిదేళ్ళూ పట్టింది. పొగరంటే అదీ!

ఐర్లండ్ పడమటి ఒడ్డున ఆ ఊరి రేడియోలో బుధవారం పదకొండింటికి జానపద సంగీతం ఆమెదే. ఓ రోజు ఫిడేలు బాణీ ఒకటి వేసి, "ఇది పక్క ఊరి ప్యాకీ హెషన్ కట్టింది" అనేసింది. కట్టింది ఆమె తమ్ముడు కోల్మన్. అక్కడ బాణీ ఎవరిదో తప్పు చెప్పడమంటే బిడ్డకి తండ్రి పేరు మార్చి చెప్పినంత పని. "అక్కా, సరిదిద్దు" అని తమ్ముడు ఫోన్ చేశాడు. "ఊరంతా వింటుండగా నేను తప్పు చెప్పానని ఒప్పుకోవాలా?" అంది మహాతల్లి. అంతటితో మాటలు బంద్. పబ్బుల్లో, పెళ్ళిళ్ళలో ఆ బాణీ ప్యాకీ పేరు మీదే తిరిగింది. ప్యాకీ చచ్చేదాకా నవ్వి ఊరుకున్నాడే గాని, నాది కాదనలేదు.

ఇప్పుడు కోల్మన్ ఆసుపత్రిలో ఆఖరి రోజుల్లో ఉన్నాడు. పొద్దున్నే మేనకోడలు సోర్చా ఫోన్ చేసింది.

"అత్తయ్యా, నువ్విక్కడికి రావద్దంటున్నాడు నాన్న. రేడియోలో అన్న మాట రేడియోలోనే దిద్దాలట. పదకొండింటికి రేడియో మంచం పక్కనే పెడతాను. ఆలస్యం చెయ్యకు."

పదకొండయింది. స్టూడియోలో ఫింటన్ వార్తల చర్చ తెమలడం లేదు. మురుగునీటి పైపులు ఎవరి పొలం కిందుగా పోవాలన్నది గొడవ. ఒకరి తర్వాత ఒకరు ఫోన్ చేసి తిట్టుకుంటున్నారు. ఊరివాళ్ళు మాట్లాడుతుంటే మధ్యలో కొయ్యకూడదన్న నియమం డింప్నా పెట్టిందే. ఆమె బయటినుంచి స్టూడియో అద్దం మీద వేలితో కొట్టింది. ఫింటన్ 'ఒక్క నిమిషం' అన్నట్టు వేలు చూపించాడు.

పక్కన రికార్డులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు అల్టన్. పన్నెండింటికి అతని జాజ్.

"లోపలికెళ్ళి వాడి మైకు లాక్కో డింప్నా! లేదా నా టైమ్ తీసుకో. నా జాజ్ వినే ముగ్గురికీ ఓపికెక్కువే."

"నీ పన్నెండు నాకెందుకయ్యా? నాకిప్పుడు కావాలి."

తలుపు తోసుకుని వెళ్ళచ్చు. వెళ్ళలేదు. తన నియమం తనే తప్పిందని ఊరు నవ్వుతుందని నిలబడిపోయింది. పదకొండుంబావు దాటింది.

పదకొండూ ఇరవై అయిదుకి మైకు దొరికింది. తడబడకుండా చెప్పింది: "ప్యాకీ హెషన్ పేరు మీద నేను చెప్పిన ఆ బాణీ నా తమ్ముడు కోల్మన్ది. తప్పు చెప్పాను. తప్పని తెలిశాక కూడా నోరు మూసుకున్నాను. కోల్మన్, నన్ను క్షమించు." అని వాడు అదే బాణీ వాయించిన పాత టేపు పెట్టింది. గుండె మీంచి బండ దిగినట్టయింది.

పాట నడుస్తుండగానే అల్టన్ ఫోన్ తెచ్చి చేతికిచ్చాడు. సోర్చా.

"నాన్న పోయాడత్తయ్యా. పదకొండుంబావుకి."

"విన్నాడా?"

"పైపుల గొడవ విన్నాడు. 'మొదలెట్టిందా?' అని రెండుసార్లు అడిగాడు. తర్వాత మరి అడగలేదు."

డింప్నా ఏడవలేదు. ఏడుపు రావడానిక్కూడా టైమ్ లేకపోయింది. రెండో ఫోన్ మోగుతోంది. తీసింది. పక్క ఊరి ముసలాయన అరుస్తున్నాడు:

"ఏమ్మా, బుద్ధుందా? నీ తమ్ముడికి జబ్బు చేసిందని మా ప్యాకీ బాణీ వాడికి కట్టబెడతావా? పందొమ్మిదేళ్ళ కిందట నీ నోటితో నువ్వే చెప్పావుగా!"

"అది మావాడిదేనండీ. నేనే తప్పు చెప్పాను."

"సాక్ష్యం ఎవరు?"

"మా కోల్మన్నే అడగండి—" అంటూ ఆగిపోయింది.