ఎడమ కంటిపాప

ఆ కంటి ఆసుపత్రిలో అందరూ ఆమెను డిక్షనరీ అక్క అనేవారు. రోగులు డాక్టరు దగ్గరికి వెళ్ళేముందు వాళ్ళ చూపు పరీక్షించడం ఆమె ఉద్యోగం. కొత్త నర్సులకు వైద్యం మాటలు నేర్పడం మాత్రం ఆమెకు తీరని సరదా. చీటీ మీద ఓ.డి. అంటే కుడి కన్ను, ఓ.ఎస్. అంటే ఎడమ కన్ను అని చెప్పి వదిలేస్తే సరిపోయేది. ఆమె వదిలే రకమా?

"ఎస్ అంటే సినిస్టర్. లాటిన్‌లో ఎడమ అని అర్థం. పాపం, ఎడమవైపు ఎవరికి ఏం చేసిందో, ఆ మాటకే తర్వాత కీడు అనే అర్థం అంటుకుంది. ఇక ప్యూపిల్ అంటే చిన్న బొమ్మ. ఎదుటివాళ్ళ కంట్లోకి చూస్తే మన రూపమే బొమ్మంత కనిపిస్తుందిగా, అందుకని. మనవాళ్ళూ కంటిపాప అన్నారు. ఒకళ్ళనొకళ్ళు అడిగి పెట్టుకున్న పేర్లు కావవి!"

నర్సులు నవ్వేవారు, రాసుకునేవారు, మరిచిపోయేవారు.

ఒక ముసురు మధ్యాహ్నం బట్టలు కుట్టే పెద్దావిడ ఒకామె వచ్చింది. వెంట తోడికోడలు. రెండు కళ్ళలోనూ శుక్లాలే. ఎడమది బాగా ముదిరిపోయింది. ఇంకా ఆగితే ఆ కంట్లో మిగిలిన కాస్త చూపూ దక్కదు.

"సూదిలో దారం ఎక్కించమని నా ప్రాణం తోడేస్తోందమ్మా," అని తోడికోడలు మొదలెట్టింది. "ఇలాగే వదిలేస్తే చొక్కాకి మూడో చెయ్యి కుట్టేస్తుంది."

"ఆపరేషన్ కుడి కంటికి చెయ్యండి. ఎడమదాని జోలికి మాత్రం రావద్దు," అంది పెద్దావిడ.

తోడికోడలు విసుక్కుంటూ టీ తాగడానికి వెళ్ళింది. ఆమె అటు వెళ్ళగానే పెద్దావిడ గొంతు తగ్గించింది.

"అందులో మా పిల్ల ఉందమ్మా."

ఒక్కగానొక్క కూతురు చిన్నతనంలోనే జ్వరంతో పోయింది. ఆ తర్వాత కొన్నాళ్ళకు ఈవిడ కంట్లో నలుసు పడితే భర్త కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి చూశాడు. చూసి, కొయ్యబారిపోయాడు. "పిల్ల ఎక్కడికీ పోలేదే. ఇదిగో, నీ ఎడమ కంట్లో నిలబడి ఉంది," అన్నాడు. అప్పటినుంచీ పొద్దున్నే ఒకసారి చూసి "ఉంది" అనేవాడు. ఆ ఒక్క మాట మీదే ఆమె రోజు గడిచేది. ఆయన పోయి ఏడాది.

"మీరెప్పుడూ అద్దంలో చూసుకోలేదా?"

"ధైర్యం చాల్లేదు. కనపడకపోతే? ఇప్పుడు చూద్దామన్నా అంతా మసక. నువ్వు చూసి చెప్పు తల్లీ."

అది మన నీడేనమ్మా అనే మాట అక్క నాలుక చివరిదాకా వచ్చి ఆగింది. టార్చి వేసి వంగింది. కుడి కంట్లో తన బొమ్మే ఉంది, తెల్లకోటుతో, గుండుసూది తలంత దీపంతో. ఎడమ కంట్లోకి చూసింది. పాలలాంటి తెలుపు ముందు రెండు జడల చిన్నపిల్ల ఒకతె అటు తిరిగి నిలబడి ఉంది.

అక్క చెయ్యి పైకెత్తింది. కుడి కంట్లో బొమ్మ ఎత్తింది. ఎడమ కంట్లో పిల్ల కదల్లేదు. అక్క వెనక్కి తిరిగి చూస్తే ఖాళీ కుర్చీ, గోడ మీద అక్షరాల పట్టిక. అంతే.

"ఉందా?"

"ఉందమ్మా."

పెద్దావిడ ఏడాదిగా బిగబట్టిన ఊపిరి వదిలినట్టు కుర్చీలో వెనక్కి వాలింది.

విషయం చెబితే డాక్టరు నవ్వారు. "శుక్లం ముదిరితే వెలుగు చిత్రాలు చేస్తుంది. నువ్వు అన్నం తిన్నావా అసలు?"

చివరికి అక్కే నచ్చజెప్పింది. "వాళ్ళు మార్చేది వెనకున్న మసక అద్దాన్నమ్మా. పాపను ఎవరూ ముట్టుకోరు." అందులో అబద్ధం లేదు. పెద్దావిడ సరేనంది. ఆపరేషన్ రోజు ఎడమ కనుబొమ పైన పెన్నుతో గుర్తు పెట్టింది కూడా అక్కే.

మర్నాడు కట్టు విప్పారు. పెద్దావిడ పట్టికలో చిన్న అక్షరాలు కూడా గడగడా చదివేసింది.

"అయితే నా మొహం మీది ముడతలన్నీ ఇక లెక్కపెడతావన్నమాట," అంది తోడికోడలు.

అక్క టార్చి వేసింది. కంటిపాప నల్లగా, నిర్మలంగా ఉంది. పిల్ల అక్కడే ఉంది. ఇప్పుడు ఇటు తిరిగి ఉంది.

"ఉందా అమ్మా?"

అక్క తలూపింది.

"అయితే ఈసారి నేనే చూసుకుంటా."

అక్క దగ్గరచూపు అద్దం బిగించిన ఫ్రేము ఆమెకు తొడిగి, కళ్ళజోళ్ళ కౌంటరు నుంచి చేతి అద్దం తెచ్చి ఇచ్చింది. పెద్దావిడ కిటికీ దగ్గర నిలబడి చూసుకుంది. ముందు నవ్వు వచ్చింది. అది పెదవుల మీదే ఆగిపోయింది.

"ఇది మా పిల్ల కాదు."

తోడికోడలు ఆమె భుజం మీదుగా అద్దంలోకి తొంగిచూసింది. చూసి, వెనక్కి జరిగి గోడకు ఆనుకుపోయింది.

"మా పిల్లది కోలమొహం, గడ్డం మీద సొట్ట. ఇదెవరో. ఆయన చూసినప్పుడల్లా అటు తిరిగి ఉండేదేమో పాపం," అంది పెద్దావిడ నెమ్మదిగా.

"డాక్టరుగారిని పిలవనా అమ్మా?"

"పిలిచి ఏం చెయ్యమంటావు? ఇన్నేళ్ళు కంట్లో పెట్టుకు చూసుకున్నా. నా ఏడుపంతా దీని మీదే కురిసింది. ఇవాళ మొహం చూసి, నా పిల్లవి కావు పొమ్మంటానా?" ఆమె అద్దాన్ని ఇంకాస్త దగ్గరికి తెచ్చుకుంది. గుమ్మంలోకి వచ్చిన కొత్తపిల్లను పలకరించినట్టు అడిగింది. "ఏమ్మా, నీ పేరేంటి?"

అద్దంలో, ఆ నల్లటి చుక్కలో, పిల్ల పెదవులు కదలడం అక్క చూసింది. గదిలో ఏ శబ్దమూ లేదు.

"అలాగా," అంది పెద్దావిడ. ఆ పేరు మాత్రం ఎవరికీ చెప్పలేదు.

చుక్కల మందు సీసా సంచిలో వేసుకుని, ఎండ తగలకుండా ఎడమ కంటికి అరచెయ్యి అడ్డం పెట్టుకుని మెట్లు దిగింది. తోడికోడలు వెంట వెళ్ళింది. వీధి మలుపు దాకా ఆ కంటివైపు రాకుండా ఆమెకు కుడివైపే నడిచింది.