ఆటోమేటిక్ అన్నారు

రసూల్ తిన్న ప్లేటులోనే చెయ్యి కడిగి లేచాడు. ప్లేటు దానంతటదే సింకులోకి నడిచిపోతుందని నా మొగుడికి పెళ్ళైన పదేళ్లుగా నమ్మకం. ఎత్తుతున్న నన్ను చూసి అత్తమ్మ, "ఇంట్లో కూర్చుని మీటలు నొక్కేదానివేగా, అంత నీరసమేంది?" అంది. నాకు ఒళ్ళు మండింది.

నేను నొక్కే మీటల సంగతి చెబుతాను. నరసరావుపేటలో ఇంటి నుంచే ఒక హైదరాబాద్ కంపెనీకి పనిచేస్తాను. ఎరువుల కొట్లకి బిల్లులు వేసే ప్రోగ్రామ్ మాది. ఒక్కో కొట్టుకీ సర్వర్‌లో ఒక కంటైనర్, అంటే ఆ కొట్టు ప్రోగ్రామ్ విడిగా నడిచే గది లాంటిది. కొట్టు మూతపడితే ఆ కంటైనర్‌ని దానంతటదే తీసేసే స్క్రిప్టు మా టీమ్‌లో సాయి కిరణ్ రాశాడు. దానికి అతనికి మెచ్చుకోళ్లు, రేపోమాపో టీమ్ లీడ్ పోస్టూ. కానీ కంటైనర్ పోయినా కొట్టు పేరు, ఫోన్ నంబరు లాంటి వివరాలుండే దాని కాన్ఫిగరేషన్ ఫైళ్లు అక్కడే పడుంటాయి. మా వైపు కొట్లన్నిటికీ దేవుడి పేర్లే. మాచర్లలో మూతపడ్డ కొట్టు పేరుతోనే గురజాలలో ఇంకొకరు తెరుస్తారు. ఒకసారి పాత ఫైళ్లు కొత్త కంటైనర్‌కి అంటుకుని, గురజాల బిల్లు మీద మాచర్ల వాళ్ల ఫోన్ నంబరు పడింది. తిట్లు తిన్నది నేను. అప్పటినుంచి రెండేళ్లుగా ప్రతి శుక్రవారం వాటిని వెతికి చేత్తో తీసేస్తున్నాను. అందరూ ఆటోమేటిక్ అనే అనుకుంటున్నారు.

ఈ నెల విసుగొచ్చి, కంటైనర్‌తోపాటు దాని ఫైళ్లు కూడా, ఇంకెవరూ వాడటం లేదని చూసుకుని మరీ తీసేసే కోడ్ నేనే రాశాను. సంగతి తెలిసి సాయి కిరణ్ ఫోన్ చేశాడు.

"నాకు పంపించక్కా, నా దాంట్లో కలిపి మీటింగులో చూపిస్తా. నీకు ఇంట్లో పనులుంటయ్ గదా."

రసూల్‌కి చెబితే, "జీతమిస్తన్నారు గదా, పేరెందుకే నీకు?" అన్నాడు. మెకానిక్ షెడ్డు బోర్డు మీద తన పేరు మాత్రం మూరెడు అక్షరాలతో రాయించుకున్నాడు.

కోడ్ పంపలేదు. ఆ శుక్రవారం ఫైళ్లూ తీయలేదు.

సోమవారం మీటింగులో మేనేజర్ అడిగారు, "మిగిలిపోయే ఫైళ్ల సంగతేంటి?"

"అదీ ఆటోమేటిక్కే సార్," అన్నాడు సాయి కిరణ్.

మ్యూట్ తీశాను.

"కాదు సార్. రెండేళ్లుగా అది నేనే చేత్తో చేస్తున్నాను. మొన్న చెయ్యలేదు. స్క్రీన్ షేర్ చేస్తాను, చూడండి."

పోయిన వారం మూతపడ్డ మూడు కొట్ల ఫైళ్లూ అందరికీ కనిపించాయి. నా కోడ్ నడిపాను. మూడూ పోయాయి.

"ఇది రాసిందెవరు, హమీదా?" అన్నారు మేనేజర్.

"నేనే సార్. లీడ్ పోస్టుకి అప్లికేషన్ కూడా పొద్దున్నే పెట్టాను."